గులాబీ డబ్బాలో కంబోడియా

లాస్ ఏంజెలెస్ విమానాశ్రయానికి దగ్గర్లో, 405 ఫ్రీవే పక్కన, ఓ చిన్న కొట్టు నెత్తిన 32 అడుగుల డోనట్ నిటారుగా నిలబడి ఉంటుంది. ఆ కొట్టు పేరు రాండీస్. రస్ వెండెల్ అనే వ్యాపారి 1950ల మొదట్లో ‘బిగ్ డోనట్’ పేరుతో కట్టించిన వరస కొట్లలో ఇదొకటి. కార్లో పోయేవాడికి అర మైలు దూరం నుంచే కనబడాలి, ఆగాలా వద్దా అని ఆలోచించుకునేలోపు నోరూరాలి. ఇదీ అప్పటి లెక్క. ‘ఐరన్ మ్యాన్ 2’లో హీరో కూర్చుని డోనట్ తిన్నది ఆ పెద్ద డోనట్ చిల్లులోనే. లా పుయెంటే అనే శివారులో ఇంకో వింత ఉంది. అక్కడ రెండు పెద్ద డోనట్ల మధ్య నుంచి కారు దూరిపోతుంది. కారు దిగకుండానే డబ్బా అందుకోవడమే.

ఫొటోలకు ఇవి బాగుంటాయి. ఆ ఊరి డోనట్ చరిత్ర తెలియాలంటే మాత్రం బట్టలుతికే లాండ్రోమాట్‌కీ మద్యం దుకాణానికీ మధ్య ఇరుక్కున్న ఓ కొట్టులోకి పోవాలి. బోర్డు మీద పేరు కూడా ఉండదు. ‘డోనట్స్’ అని ఉంటుంది, అంతే. తెల్లారి అయిదింటికే దీపం వెలుగుతుంటుంది. గల్లా దగ్గర ఓ నడివయసు ఆసియా మహిళ. ఎదుట రెండు ఫార్మికా బల్లలు, రోజూ వచ్చే నలుగురు ముసలివాళ్ళు, చవక కాఫీ. దక్షిణ కాలిఫోర్నియాలో పెద్ద కంపెనీలవి కాని డోనట్ కొట్లలో నూటికి ఎనభై కంబోడియా వాళ్ళవేనని అక్కడి పత్రికల అంచనా. అమెరికన్లు తమదనుకునే పలహారం ఇంత పెద్ద ఊళ్ళో ఒక్క చిన్న దేశపు శరణార్థుల చేతికి ఎలా పోయింది?

డోనట్ చరిత్రలో పరాయివాళ్ళ చెయ్యి కొత్తేమీ కాదు. నూనెలో వేయించిన తీపి పిండి ముద్దల్ని అమెరికాకు తెచ్చింది డచ్చివాళ్ళు. మధ్యలో చిల్లు పెట్టింది తానేనని హాన్సన్ గ్రెగరీ అనే ఓడ కెప్టెన్ చెప్పుకున్నాడు. నడుమ పచ్చిగా ఉండిపోకుండా ఉండటానికే చిల్లన్నాడు. గారె చేసే ఏ ఇల్లాలిని అడిగినా అదే చెబుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సు కందకాల దగ్గర సాల్వేషన్ ఆర్మీ ఆడవాళ్ళు సైనికులకు వేయించి పెట్టడంతో దేశమంతా దాని రుచి మరిగింది. 1920లో న్యూయార్క్‌లో వీటిని వేయించే యంత్రం చేసిన అడాల్ఫ్ లెవిట్ కూడా రష్యా నుంచి పారిపోయి వచ్చిన యూదుడే. రెండో యుద్ధం తరవాత గొలుసు దుకాణాలు మొదలయ్యాయి. 1948లోనే తూర్పు తీరాన విలియం రోజెన్‌బర్గ్ పెట్టిన కొట్టు రెండేళ్ళకు డంకిన్ డోనట్స్ అయింది. అదే ఏడు పడమటి తీరాన, లాస్ ఏంజెలెస్ పక్కనున్న టెంపుల్ సిటీలో వెర్న్ వించెల్ తన పేరుతో ‘వించెల్స్’ తెరిచాడు. ఈ రెండో కొట్టు మన కథకు కావాలి.

1975 ఏప్రిల్ 17న కంబోడియా రాజధాని నాంఫెన్ ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టు సేన చేతికి చిక్కింది. తరవాతి నాలుగేళ్ళలో ఆ దేశంలో తిండి లేకా, జబ్బు చేసీ, హత్యలకు గురయ్యీ పోయినవాళ్ళు పదిహేను నుంచి ఇరవై లక్షల మంది. నగరం పడిపోయే నాటికి బున్ టెక్ నోయ్ అనే సైనికాధికారి బ్యాంకాక్‌లో దౌత్య ఉద్యోగంలో ఉన్నాడు. అలా బతికిపోయాడు. భార్య సుగంథిని, పిల్లలతో సైనిక విమానమెక్కి కాలిఫోర్నియాలోని క్యాంప్ పెండిల్టన్‌లో దిగాడు. అది మెరైన్ల స్థావరం. ఆ ఏడాది అక్కడి గుడారాల్లో దాదాపు యాభై వేల మంది ఇండోచైనా శరణార్థులు తలదాచుకున్నారు. ఎవరైనా అమెరికన్ పూచీ పడితే తప్ప బయటికి కదలడానికి లేదు. టస్టిన్ అనే ఊళ్ళో ఓ లూథరన్ చర్చి పూచీ పడి, నోయ్‌ని ఊడ్చి తుడిచే పనికి పెట్టుకుంది.

ఆ జీతం చాలక రాత్రుళ్ళు పెట్రోలు బంకులో పనిచేశాడు. ఎదురుగా డోనట్ కొట్టు. ఆ వాసనకు ఉండబట్టలేక ఒకటి కొనుక్కుని తిన్నాడు. కంబోడియాలో నోమ్ కాంగ్ అని బియ్యప్పిండితో చేసే చిల్లు పిండివంట ఉంది. పైన తాటిబెల్లం పాకం పోస్తారు. నోటికి అదే తగిలిందట. ఈ వ్యాపారం ఎలా నేర్చుకోవాలని కొట్లో అమ్మాయిని అడిగితే, వించెల్స్‌లో శిక్షణ ఇస్తారు పొమ్మంది. పోయి నేర్చుకున్నాడు. కొన్నాళ్ళు వాళ్ళ కొట్టొకటి నడిపి, లా హబ్రాలో క్రిస్టీస్ అనే దుకాణం సొంతంగా కొన్నాడు. అమెరికా పౌరసత్వం తీసుకునేటప్పుడు ఆయన టెడ్ అయ్యాడు, ఆమె క్రిస్టీ అయింది. కొట్టుకు మనిషి పేరు పెట్టడం చూశాం గానీ, మనిషి కొట్టు పేరు పెట్టుకోవడం అరుదు.

1980ల మధ్యకు ఆయన కొట్లు యాభై దాకా చేరాయి. ఇది ఒక్కడి తెలివి కాదు. క్యాంపుల నుంచి వచ్చిన బంధువులకూ తెలిసినవాళ్ళకూ ఆయనే పూచీ పడేవాడు. నాలుగు వారాలో ఆరు వారాలో పని నేర్పి, కొట్టు లీజుకిచ్చేవాడు. వాళ్ళు బాడుగ కట్టి మిగిలింది దాచుకుని, సొంత కొట్టు పెట్టి, తమ తోడల్లుడినో మేనత్త కొడుకునో పిలిపించుకునేవాళ్ళు. ఇంగ్లీషు ఎక్కువ రాకపోయినా పరవాలేదు. గాజు బీరువాలో ఉన్నదాన్ని గిరాకీ వేలుపెట్టి చూపిస్తాడు, ధర రాసే ఉంటుంది. నలుగురు మనుషులున్న కుటుంబానికి కూలీలతో పని లేదు.

పెట్టుబడి ఎక్కడిది? అమెరికా బ్యాంకు వీళ్ళ మొహం చూడదు. అప్పు చరిత్ర లేదు, తాకట్టుకు గజం భూమి లేదు. కంబోడియన్ల దగ్గర టాంటీన్ అనే పద్ధతి ఉంది. పదిహేను ఇరవై మంది కూడి నెలకింతని వేస్తారు. అవసరం పడ్డవాడు ఎక్కువ వడ్డీకి పాడి ముందే ఎత్తుకుంటాడు. ఆగగలిగినవాడు ఆఖర్లో లాభంతో తీసుకుంటాడు. తెలుగువాళ్ళకు ఇంతకన్నా వివరించక్కర్లేదు, అచ్చంగా మన చీటీ పాట. కాగితం లేదు, కోర్టు లేదు, మాట మీద నడిచేది. ఎగ్గొట్టి రాత్రికి రాత్రి ఊరు మారినవాళ్ళూ ఉన్నారు, అదీ మనకు తెలిసిన సంగతే. ‘డోనట్ కింగ్’ పేరుతో 2018లో నోయ్ ఆత్మకథ, 2020లో ఆలిస్ గూ తీసిన డాక్యుమెంటరీ వచ్చాయి. రెండూ రాజు చుట్టూనే తిరుగుతాయి. నా మటుకు నాకు ఈ కథలో అసలు నాయకత్వం చీటీ పాటది. రాజు పడిపోయాక కూడా కొట్లు నిలబడ్డాయంటే ఆ డబ్బూ ఆ నమ్మకమూ వేల ఇళ్ళలో పరుచుకుని ఉండబట్టే.

పడిపోవడం చిన్న పడిపోవడం కాదు. నోయ్ లాస్ వేగాస్ జూదానికి అలవాటు పడ్డాడు. తన కొట్లు లీజుకు తీసుకున్నవాళ్ళ దగ్గరే చేబదుళ్ళు పట్టాడు. తీర్చలేక కొట్లు వాళ్ళ పేరనే రాసిచ్చాడు. సరస్సు గట్టున కట్టుకున్న భవంతీ పోయింది. బౌద్ధ మఠంలో చేరి కొన్నాళ్ళున్నా పేకముక్క వదల్లేదు. 1993లో కంబోడియా తిరిగెళ్ళి పార్టీ పెట్టి ఎన్నికల్లో ఓడాడు. మళ్ళీ అమెరికా వచ్చేసరికి తెలిసినవాళ్ళ ట్రైలర్ ఇంటి వరండాలో పడుకోవాల్సి వచ్చింది. సినిమాకు ఇంతకన్నా ఏం కావాలి!

సినిమాకు పనికిరానిది ఆ కొట్ల వెనక గదిలో పని. రాత్రి పన్నెండుకో ఒంటిగంటకో మగమనిషి వచ్చి ఈస్టు పిండి కలుపుతాడు. పొంగాక పరిచి చక్రాలు కోస్తాడు. వెచ్చగా, చెమ్మగా ఉండే పెట్టెలో మళ్ళీ పొంగనిస్తాడు. ఇక్కడ తొందరపడితే డోనట్ రబ్బరు ముక్క, ఆలస్యం చేస్తే నూనె తాగిన స్పాంజి. 190 డిగ్రీల నూనెలో ఒక పక్క నిమిషం, రెండో పక్క నిమిషం. తిప్పడానికి అట్లకాడా జల్లిగరిటా ఏవీ ఉండవు. చేతికో సన్నని కర్రపుల్ల చొప్పున రెండు పట్టుకుని, వరసగా టకటకా పొర్లించేస్తాడు. సరిగ్గా పొంగిన డోనట్ నూనెలో సగమే మునిగి తేలుతుంది. అందుకే పైనా కిందా ఎర్రగా వేగినా నడుం చుట్టూ తెల్లని పట్టీ మిగులుతుంది. ఆ పట్టీ చూసి పనివాడి పనితనం చెప్పొచ్చు. వేడి చల్లారకముందే పలచటి పంచదార పూత పోస్తే అది అద్దంలా గట్టిపడుతుంది. అయిదింటికి బీరువా నిండాలి. అప్పుడు ఆడమనిషి గల్లా దగ్గరికొస్తుంది, ఆయన పడుకోవడానికి పోతాడు. బడి నుంచి వచ్చిన పిల్లలు డబ్బాలు మడుస్తూ హోంవర్కు చేసుకుంటారు. పండగ లేదు, ఆదివారం లేదు. మొగుడూపెళ్ళాం మెలకువగా ఎదురుపడేది రోజుకు గంటో రెండు గంటలో.

ఆ పిల్లలు మడిచిన డబ్బాలే గులాబీ రంగువి. అంతకుముందు డోనట్లు తెల్ల అట్టపెట్టెల్లో వచ్చేవి. వెస్ట్‌కో అనే బేకరీ సరుకుల కంపెనీని కంబోడియా దుకాణదారులు ఇంకాస్త చవకవి ఉంటే చూడమన్నారట. మిగిలిపోయి పడున్న గులాబీ అట్ట దొరికింది. డబ్బాకు కొద్ది సెంట్లు తేడా. రోజుకు వందల డబ్బాలు పోయే చోట ఆ సెంట్లే నెల బాడుగలో ఓ ముక్క. తెలుపు చావు రంగు, ఎరుపు కలిసొచ్చే రంగు అనే ఆసియా నమ్మకం కూడా తోడైందంటారు. ఇది కొంత తరవాత అల్లిన మాటలా అనిపిస్తుంది నాకు. సెంట్ల లెక్క చాలు. ఇప్పుడు హాలీవుడ్ సినిమాలో పోలీసు స్టేషన్ బల్ల మీద గులాబీ డబ్బా కనిపిస్తే లోపలేముందో ఎవరూ అడగరు.

పెద్ద కంపెనీలు ఊరుకోలేదు. క్రిస్పీ క్రీమ్ 1999లో కాలిఫోర్నియాలో అడుగుపెట్టింది, అదీ నోయ్ మొదలుపెట్టిన లా హబ్రాలోనే. జనం బారులు తీరారు. కొన్నేళ్ళకు ఆ మోజు తగ్గింది. డంకిన్ కాలిఫోర్నియాలో కొన్ని కొట్లు పెట్టి, నిలవలేక సర్దుకుని పోయి, 2014లో శాంటా మోనికాలో మళ్ళీ తెరిచింది. ఇల్లంతా జీతం లేకుండా చాకిరీ చేసే కొట్టుతో, ఓవర్‌టైం ఇచ్చి మనుషుల్ని పెట్టుకునే కంపెనీ ధరలో పోటీపడటం కష్టం. దీన్ని కష్టజీవుల విజయమని పొగిడేవాళ్ళున్నారు. విజయమే, కాకపోతే ఆ చవక డోనట్ ధరలో సగం ఆ కుటుంబం నిద్రే.

పేట మనుషులకు ఆ సంగతి తెలియకపోలేదు. 2018లో సీల్ బీచ్ అనే సముద్రపు ఊళ్ళో ఓ కొట్టు యజమాని భార్య మెదడులో రక్తనాళం చిట్లి మంచాన పడింది. చందాలు వేస్తామంటే ఆయన వద్దన్నాడు, ఆమె దగ్గర ఎక్కువసేపు ఉండగలిగితే చాలన్నాడు. దాంతో ఊరివాళ్ళు పొద్దున్నే వచ్చి ఒకటి కావాల్సిన చోట డజను కొనడం మొదలుపెట్టారు. బీరువా తొందరగా ఖాళీ అయితే ఆయన తొందరగా భార్య దగ్గరికి పోతాడని.

కంబోడియా నుంచి వచ్చిన ఆ తరానికి ఇప్పుడు డెబ్బై దాటుతోంది. పిల్లలు కాలేజీలకు పోయి డాక్టర్లూ అకౌంటెంట్లూ అయ్యారు. రచయితలూ అయ్యారు. కంబోడియా శరణార్థుల బిడ్డ ఆంథనీ వియస్నా సో కథల పుస్తకం ‘ఆఫ్టర్‌పార్టీస్’ 2021లో వచ్చింది. అందులో మొదటి కథ నడిచేది డోనట్ కొట్టులోనే. ఆ పుస్తకం చూసుకోవడానికి అతనే లేడు, అచ్చయ్యే ముందే చిన్న వయసులో పోయాడు. కొందరు పిల్లలు కొట్టు చేతిలోకి తీసుకుని, రంగురంగుల డోనట్లు చేసి ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్ముతున్నారు. ఎక్కువమంది అమ్మానాన్నలు రిటైరయ్యే రోజు కోసం చూస్తున్నారు. కొట్టు మూతపడగానే స్థానిక పత్రికలో ఓ నిట్టూర్పు వ్యాసం వస్తుంది. ఆ నిట్టూర్పు నాకు రాదు. పిల్లలు తమలా ఒంటిగంటకు లేవకూడదనే ఆ కొట్టు పెట్టారు. మూతపడిందంటే అనుకున్నది జరిగినట్టే.

కొట్లు ఇంకా చాలానే ఉన్నాయి. కూతురు పురుడుకో, మనవడి వేసవి సెలవులకో దక్షిణ కాలిఫోర్నియా వెళ్ళే తెలుగు తల్లిదండ్రులు మాలిబు వెంకటేశ్వరస్వామి గుడికీ డిస్నీలాండ్‌కీ ఎటూ పోతారు. ఒక పొద్దున లాంగ్ బీచ్ వైపు కూడా వెళ్ళండి. అక్కడ కంబోడియన్ల పేటకు 2007లో నగర పాలకులు అధికారికంగా కంబోడియా టౌన్ అని పేరిచ్చారు. పేరు లేని బోర్డున్న కొట్టు చూసుకుని ఆగండి. రంగుల పూతలవి వద్దు, మామూలు గ్లేజ్డ్ అడగండి, నడుం పట్టీ చూడండి. ఏడింటిలోపు వెళ్ళండి, ఎండెక్కితే మంచివి అయిపోతాయి. జేబులో చిల్లర నోట్లు ఉంచుకోండి, కార్డు ఇష్టపడని కొట్లు ఇంకా ఉన్నాయి.