ఫ్లాప్స్ ముడుచుకోలేదు, ఫ్యూయల్ అయిపోవచ్చింది: 1993 తిరుపతి విమానం

చల్లపల్లి నుంచి ఈ వారం ఎపిసోడ్‌కి వచ్చేశాను. గాల్లో ఉండగా ఇంజిన్ ఆగిపోతే విమానం రాయిలా కింద పడిపోతుందా? పడదు. రెండు ఇంజిన్ల విమానం ఒక్కదానితో కూడా ఎగరగలదు. రెండూ ఆగినా, కిలోమీటరు ఎత్తుకి సుమారు 15 కిలోమీటర్ల చొప్పున జారుకుంటూ వెళ్తుంది. కాబట్టి ఎత్తు ఉంటే టైం ఉన్నట్టే. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్లీ పనికొస్తుంది.

1993 నవంబరు 15. మద్రాసు నుంచి హైదరాబాద్‌కి ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఎయిర్‌బస్ ఏ300. లోపల 260 మందికి పైగా ఉన్నారు. అందులో చిరంజీవి, బాలకృష్ణ, విజయశాంతి! అందుకే మన ఇళ్లల్లో ఈ కథని ‘హీరోలు బతికి బయటపడ్డ కథ’గానే చెప్పుకుంటారు. నాకు మాత్రం ఇది లెక్కల కథ.

అప్పటికి శంషాబాద్ ఎయిర్‌పోర్టు లేదు, బేగంపేటే. అక్కడ సరిగ్గా కనబడక పైలట్లు దిగకుండా మళ్లీ పైకి లేపారు. ఇది మామూలే, తప్పేం కాదు. కానీ రెక్కల వెనక ఉండే ఫ్లాప్స్ లోపలికి ముడుచుకోలేదు.

ఫ్లాప్స్ అంటే నెమ్మదిగా వెళ్తున్నప్పుడు కూడా విమానాన్ని గాల్లో నిలబెట్టే పలకలు. దిగేటప్పుడు అవే దిక్కు. దూరం పోవాలంటే మాత్రం అవే గుదిబండ. ఎదురుగాలిలో గొడుగు తెరుచుకుని సైకిల్ తొక్కి చూడండి, అర్థమైపోతుంది. అవి బయటే ఉంటే వేగంగా పోకూడదు, ఎత్తుకి వెళ్లలేరు, కింద గాలి చిక్కగా ఉంటుంది కాబట్టి ఇంధనం ఇంకా తాగుతుంది.

ఆ స్థితిలో మద్రాసుకి వెనక్కి తిరిగారు. ఇంకో ఎయిర్‌పోర్టుకి వెళ్లాల్సి వస్తుందేమోనని విమానంలో అదనపు ఇంధనం ఎప్పుడూ ఉంటుంది. అయితే ఆ లెక్క ఫ్లాప్స్ ముడుచుకుని ఉన్న విమానానికి వేసేది. తిరుపతి దగ్గరికొచ్చేసరికి ట్యాంకులు ఖాళీ కావొచ్చాయి. ఇంజిన్లలో ఏ లోపమూ లేదు, వాటికి పోయడానికి ఇంధనమే లేదు!

దానికితోడు ఎత్తు కూడా లేదు. 1983లో కెనడాలో ఒక బోయింగ్ 767కి కిలోలు, పౌండ్ల గందరగోళంలో తక్కువ ఇంధనం పోశారు. 41,000 అడుగుల ఎత్తులో అయిపోయింది. అంత ఎత్తు ఉంది కాబట్టే జారుకుంటూ గిమ్లీ అనే పాత ఎయిర్‌బేస్‌ దాకా వచ్చి దిగారు. మనవాళ్లకి ఆ అవకాశం లేదు. వరి పొలంలో దించేశారు.

మా డెల్టాలో తడి మడి అంటే ఏంటో అందరికీ తెలుసు. దమ్ము చక్రాలు లేకపోతే ట్రాక్టరే కదలదు. ఆ బురదే విమానాన్ని పట్టి ఆపుతుంది. గట్టు అడ్డొస్తే మాత్రం ముక్కలే. ఇంకో సంగతి, ట్యాంకుల్లో ఇంధనం పెద్దగా లేదు కాబట్టి మంటల భయమూ తగ్గింది. ముంచిందీ అదే, కాచిందీ అదే. ఒక్కరు కూడా చనిపోలేదు.

కెప్టెన్‌ని మెచ్చుకోవాలా, తప్పుబట్టాలా? నన్నడిగితే రెండూ. పొలంలో దించడం గొప్ప పనే. కానీ అసలు అక్కడిదాకా రావాల్సింది కాదు. ఫ్లాప్స్ ఇరుక్కున్నాయని తెలిసిన నిమిషంలోనే ‘ఇప్పుడు ఎంత దూరం పోగలం?’ అని కొత్తగా లెక్క కట్టాలి.

ఏడేళ్ల తర్వాత, 2000 జులై 12న, అదే తప్పు యూరప్‌లో జరిగింది. హపాగ్ లాయిడ్ వాళ్ల ఏ310 గ్రీస్‌ నుంచి జర్మనీకి బయల్దేరింది. చక్రాలు లోపలికి పోలేదు, అయినా ముందుకే పోయారు. బయట వేలాడే చక్రాల సంగతి విమానంలోని కంప్యూటర్ ఇంధన లెక్కలో లేదు. వియన్నా రన్‌వేకి కాస్త ముందు ఇంధనం అయిపోయి గడ్డిలో పడింది. అక్కడా అందరూ బతికారు. కెప్టెన్‌కి మాత్రం జర్మనీ కోర్టు 6 నెలల శిక్ష వేసి, దాన్ని సస్పెండ్ చేసింది.

ఇప్పుడు ఫ్లాప్స్ ఇరుక్కుంటే పైలట్ తెరిచే చెక్‌లిస్టులోనే ‘ఇంధనం ఎక్కువ ఖర్చవుతుంది’ అనే హెచ్చరిక, ఎంత ఎక్కువో చెప్పే పట్టిక ఉంటాయి. ఆ పట్టిక చూసి, దగ్గర్లో పొడవైన రన్‌వే ఎక్కడుందో ఎంచుకుని, అక్కడ దిగిపోతారు.