ఉబ్బిన కెపాసిటర్లు – వేసవి నేరమెంత?

వేసవిలో కంప్యూటరు నడుచుచు నడుచుచు ఆగిపోయినచో, “ఎండకు చెడిపోయినది” అని తీర్పు చెప్పుదుము. ఈ తీర్పు ఎల్లప్పుడును సరియైనదేనా? ఇటీవలి చరిత్రలోని ఒక ఘట్టము దీనికి సమాధానమిచ్చును.

సుమారు 2000వ సంవత్సరము మొదలుకొని అనేక మదర్‌బోర్డులు, చల్లని ఐరోపాలో సైతము, కొద్ది యేండ్లకే చెడిపోసాగినవి. విప్పి చూడగా, ప్రాసెసరు చుట్టునుండు చిన్న డబ్బీలవంటి కెపాసిటర్ల తలలు ఉబ్బియుండెను. కొన్నిటినుండి గోధుమరంగు ద్రవము కారియుండెను. 2005లో డెల్ సంస్థ యొక్కటే ఇట్టి లోపమునకై 30 కోట్ల డాలర్లు కేటాయింపవలసి వచ్చినది.

కారణమేమి? ఈ కెపాసిటర్లలో అల్యూమినియం రేకుపై పలుచని ఆక్సైడు పొర యుండును. దానిని ఆనుకొని ఎలక్ట్రొలైటు ద్రవముతో తడిసిన కాగిత ముండును. ద్రవములో నీరు ఎక్కువై, తగిన నిరోధక ద్రవ్యములు లోపించినచో, నీరు అల్యూమినియముతో చర్య జరిపి ఉదజని వాయువును వెలువరించును. ఆ పీడనమునకే డబ్బీ ఉబ్బును. అనగా లోపము తయారీలోనే కలదు.

మరి వేడిమి పాత్ర యేమి? ఉష్ణోగ్రత పెరిగినకొలది రసాయన చర్యలు త్వరితమగు తీరును స్వీడను శాస్త్రజ్ఞుడు అర్హీనియస్ 1889లో సూత్రీకరించెను. ఇంజనీర్ల లెక్కలో, కెపాసిటరు వేడి 10 డిగ్రీలు పెరిగినచో దాని ఆయువు సుమారు సగమగును. 105 డిగ్రీల వద్ద 2,000 గంటలు పనిచేయునది 85 డిగ్రీల వద్ద 8,000 గంటలు పనిచేయును. కావున మన వేసవి లోపమును సృష్టింపదు. దానిని త్వరగా బయటపెట్టును. మంచి కెపాసిటరు ఆయువును సైతము తగ్గించును.

ఇక లోపమును గుర్తించుట యెట్లు? వేడెక్కినపుడు ఆగి, చల్లారిన పిదప మామూలుగా నడచినచో, మొదట పంకాను, దానిక్రింది లోహపు రెక్కలలోని దుమ్మును చూడవలెను. చల్లగానున్నపుడు మొరాయించి, కొంత వేడెక్కిన పిదప నడచినచో, కెపాసిటర్లను శంకింపవలెను. చెడిన కెపాసిటరు అంతర్నిరోధము చలిలో హెచ్చి, వేడిలో తగ్గుటయే దీనికి కారణము. ప్లగ్గు తీసివేసి, కొంతసేపు ఆగి, తలలు సమతలముగా నున్నవో లేవో చూడవలెను. తల ఉబ్బకున్నను లోపముండవచ్చును. అంతర్నిరోధమును కొలిచినగాని నిశ్చయము కాదు. విద్యుత్తు సరఫరా పెట్టెను మాత్రము విద్యార్థులు విప్పరాదు.

ఎండను నిందించి ఊరకున్నచో, స్వల్పమైన వెలగల కెపాసిటరు కొరకు పాఠశాల కంప్యూటరు మూలపడును. కారణమును వెదకి తెలిసికొన్నచో, అది మరల బల్లపైకి వచ్చును.