మార్కుల తూకము

పూర్వము ఒక ఊరి మానిక మరియొక ఊరి మానికతో సరిపోయెడిది కాదు. ధాన్యము ఎన్ని మానికలో చెప్పిన చాలదు. ఏ ఊరి మానికతో కొలిచిరో కూడ చెప్పవలసియుండెను. పరీక్ష మార్కులును అట్టివే. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతముల విద్యార్థులు పై చదువుల వాకిట నిలిచినప్పుడెల్ల ఈ కొలతల చిక్కు ఎదురగుచునే వచ్చినది. ఆ కథను సంగ్రహముగా మనవి చేయుదుము.

నిజాము రాజ్యమున రెండు కొలతలుండెను. హైదరాబాదులోని నిజాం కాలేజి 1887 నుండి మద్రాసు విశ్వవిద్యాలయమునకు అనుబంధము. అచట బోధన ఇంగ్లీషు. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధన ఉర్దూ. గద్వాల, వనపర్తి సంస్థానములు తెలుగు కవిపండితులను ఆదరించినవి. ఐనను అచటి తెలుగు బాలుడు పై చదువు కోరినచో తన తెలివిని పరభాషలో తూచుకొనక తప్పలేదు. మార్కులు వేయుటకు ముందే పడిన తరుగు అది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన పిదప వేర్వేరు విశ్వవిద్యాలయముల పి.యు.సి. మార్కులు ఒకే పట్టికకు ఎక్కవలసి వచ్చినది. ఒకచోటి అరువది మరియొకచోటి అరువదితో సమానమా? వైద్య కళాశాలలలో ప్రవేశమునకు 1970లో ప్రభుత్వము అందరికిని ఒకే పరీక్ష పెట్టినది. దానిపై వ్యాజ్యము నడువగా, అట్టి పరీక్ష పెట్టు అధికారము ప్రభుత్వమునకు కలదని 1971లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఆ యేడే ఇంటర్మీడియట్ బోర్డు ఏర్పడినది. 1986లో ఎంసెట్ మొదలైనది.

చిరకాలము ఎంసెట్ ర్యాంకునకు రెండు తూకములను కలిపెడివారు. ప్రవేశ పరీక్షలోని 160 మార్కులను 75కును, ఇంటర్మీడియట్ ఐచ్ఛిక విషయములలోని 600 మార్కులను 25కును కుదించెడివారు. ఒక విద్యార్థికి ఇంటర్‌లో 480, ఎంసెట్‌లో 80 వచ్చినవనుకొందము. మొదటిది 20 అగును, రెండవది 37.5 అగును; మొత్తము 57.5. ఇంటర్‌లో 24 మార్కులు తగ్గిన యెడల ఇచట తగ్గునది ఒక్క మార్కు. ఐనను ఆ ఒక్క మార్కు మీదనే ర్యాంకు ఎంతో క్రిందికి జారవచ్చును.

అఖిల భారత స్థాయిలో చిక్కు మరింత పెద్దది. 2013 నుండి 2016 వరకు జె.ఇ.ఇ. మెయిన్ ర్యాంకులో పన్నెండవ తరగతి మార్కులకు నూటికి నలువది వంతులుండెను. బోర్డులు అనేకము గనుక మార్కులను ఉన్నవి ఉన్నట్లు గ్రహింపక, తన బోర్డులో నూర్గురిలో ఎందరికన్న పైన నిలిచెనో ముందు చూచి, ఆ స్థానమును బట్టి మార్కులను సరిచేసిరి. ఉదార బోర్డు తొంబది, కఠిన బోర్డు ఎనుబది ఇట్లు సమానము కావచ్చును. 2017లో ఆ పద్ధతి పోయినది.

కరోనా యేండ్లలో ఆపిన ఇంటర్ వంతును తెలంగాణ ప్రభుత్వము 2023లో శాశ్వతముగ తొలగించినది. ఒక్క పరీక్షయే అందరికి సమానమైన త్రాసు అనువారు కలరు. రెండేండ్లు ఊరి జూనియర్ కళాశాలలో శ్రద్ధగా చదివిన పిల్లకు, శిక్షణ కొనలేని ఇంటి పిల్లకు, ఆ పాతిక వంతు ఆసరాయని చింతించువారును కలరు. ఇరువురి మాటలోను న్యాయమున్నది.

వనపర్తి, నాగర్‌కర్నూలులలో 2022లోను, గద్వాలలో 2024లోను వైద్య కళాశాలలు తెరచిరి. వాకిలి దగ్గరయైనది, కాని అచటి త్రాసు దేశమంతటికి ఒక్కటియే యైన నీట్. డిగ్రీ కళాశాలలకు మాత్రము 2016లో వచ్చిన దోస్త్ పద్ధతిలో ఇంటర్ మార్కులే ఆధారము. కావున తలిదండ్రులు "ఎన్ని వచ్చినవి?" అని అడుగుటకు ముందు "దేనితో తూచుదురు?" అని విచారించుట మేలు. త్రాసు తెలియక బిడ్డను నిందించుట న్యాయము కాదు.