తనను తాను పొగుడుకునే తెర: రాస్ తనూరా నుంచి తెలుగు భారీ చిత్రాల పరిశీలన

నిడివి ఎక్కువైందనో, హంగులు పెరిగాయనో ప్రేక్షకుడు సినిమాను కాదనడు. 1977 జనవరి 14న విడుదలైన ‘దాన వీర శూర కర్ణ’ దాదాపు 4 గంటల చిత్రం. నిర్మాత, దర్శకుడు ఎన్.టి. రామారావే. కృష్ణుడు, కర్ణుడు, సుయోధనుడు మూడు పాత్రలూ ఆయనవే. ఒక్క మనిషి తెరనంతా ఆక్రమించిన ఆ సినిమాను జనం నెత్తిన పెట్టుకున్నారు. 2019 జనవరి 9న వచ్చిన ‘ఎన్టీఆర్: కథానాయకుడు’ ఆ మనిషి జీవితకథే. సంక్రాంతి సీజన్, కీరవాణి సంగీతం, పేరున్న నటులు, అన్నీ ఉండి కూడా బాక్సాఫీసు దగ్గర నిలవలేదు. మొదటిది గొప్పగా కనిపించి, రెండోది గొప్పలు చెప్పుకున్నట్టు ఎందుకు తోచింది? ఈ వ్యాసం వెతుకుతున్నది ఆ తేడానే.

పరిశీలనకు ఎంచుకున్న చోటు సౌదీ అరేబియా తూర్పు తీరంలోని రాస్ తనూరా. 1939 మే 1న రాజు అబ్దుల్ అజీజ్ స్వయంగా వాల్వు తిప్పి, తొలి ముడి చమురు ఎగుమతిని ప్రారంభించిన రేవు ఇది. 1945 నుంచి ఇక్కడ పెద్ద రిఫైనరీ నడుస్తోంది. ఈ తూర్పు ప్రాంతానికి చమురు పనులకూ నిర్మాణ పనులకూ దశాబ్దాలుగా వలస వస్తున్నవాళ్లలో తెలుగువాళ్లున్నారు. 1980ల తొలినాళ్లలో సౌదీలో సినిమా హాళ్లు మూతపడ్డాయి. 2018 ఏప్రిల్ 18న రియాద్‌లో ‘బ్లాక్ పాంథర్’ ప్రదర్శనతో మళ్లీ తెర లేచింది. ఆ మధ్యకాలమంతా చమురు సంస్థ ఆరామ్‌కో నివాస ప్రాంగణాల్లోని ప్రదర్శనలు అక్కడివాళ్ల వరకే. మిగతావాళ్లకు క్యాసెట్లు, డిస్కులు, శాటిలైట్ టీవీ, ఆ తర్వాత ఫోను. లేదంటే 1986లో తెరిచిన కింగ్ ఫహద్ వంతెన దాటి బహ్రెయిన్ వెళ్లి చూడాలి.

ఈ చోటు ఎందుకు ముఖ్యమంటే, తెలుగు భారీ చిత్రానికి ఊళ్లో దొరికే ఊతం ఇక్కడ దొరకదు. కటౌట్లు లేవు, పాలాభిషేకాలు లేవు, బెనిఫిట్ షోల ఈలలు లేవు. హీరో నడక మొదలవగానే గాల్లోకి కాగితాలు ఎగరేసే పక్క సీటువాడు లేడు. శుక్రవారం సెలవునాడు గదిలో ఫోను పెట్టుకుని చూసేవాడి ముందు సినిమా ఒంటరిగా నిలబడుతుంది. హాల్లో జనం కేకల మధ్య కొట్టుకుపోయే బిల్డప్, ఆ నిశ్శబ్దంలో విడిగా బయటపడుతుంది.

దీన్ని వివరించడానికి మన అలంకారశాస్త్రంలోనే తగిన పరికరం ఉంది. 11వ శతాబ్దపు మమ్మటుడు ‘కావ్యప్రకాశం’లో రసదోషాలను లెక్కిస్తూ స్వశబ్దవాచ్యత్వాన్ని ముందుగా చెప్పాడు. శృంగారాన్ని పుట్టించకుండా శృంగారమని, శోకాన్ని పుట్టించకుండా శోకమని పేరు పెట్టి చెప్పేయడం దోషం. రసం సహృదయుడి మనసులో పుట్టాలి, కవి ప్రకటనలో కాదు. సినిమా విషయంలో ఈ దోషం మాటలకే పరిమితం కాదు. నేపథ్య సంగీతం, స్లో మోషన్, పక్క పాత్రల పొగడ్త, విడుదలకు ముందు ప్రచారం కూడా ‘ఇది గొప్పది’ అని ప్రకటించగలవు.

ఆ ప్రకటన సినిమాకన్నా ముందే మొదలైన సందర్భం ‘ఆదిపురుష్’. 2023 జూన్ 16న విడుదలకు ముందే, ప్రతి థియేటర్లో ఒక సీటు హనుమంతుడి కోసం ఖాళీగా ఉంచుతామని చిత్రబృందం ప్రకటించింది. భక్తిని సినిమా సంపాదించకముందే టికెట్టుతో పాటు అడిగినట్టయింది. తీరా తెరమీద లంకాదహనం వేళ హనుమంతుడి నోట వీధి భాష వినిపించేసరికి అదే భక్తి ఆగ్రహమైంది. విడుదలైన కొద్ది రోజులకే ఆ సంభాషణలు మార్చారు. అంతటి గౌరవం ముందే కోరిన చిత్రాన్ని ప్రేక్షకుడు మామూలు సినిమాను క్షమించినట్టు క్షమించలేదు.

జీవితకథల్లో ఈ తేడా ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. నాగ్ అశ్విన్ తీసిన ‘మహానటి’ 2018 మే 9న వచ్చింది. అందులో దర్శకుడు కె.వి. రెడ్డిగా కనిపించిన క్రిష్ జాగర్లమూడే 8 నెలల తర్వాత ‘కథానాయకుడు’ దర్శకుడు. ‘మహానటి’ నటి సావిత్రిని స్పృహలేని స్థితిలో చూపిస్తూ మొదలవుతుంది. ‘సంసారం’లో వచ్చిన అవకాశం చేజారడం, సొంత చిత్ర నిర్మాణంలో నష్టాలు, ఆదాయపన్ను దాడులు, మద్యం, ఏదీ దాచదు. సావిత్రి ఎవరో తెలుసుకునే పని మధురవాణి అనే విలేకరిది. ఆమెతో పాటు ప్రేక్షకుడూ వెతుకుతాడు, కనుక చివరికి కలిగే గౌరవం అతని సొంతం. ‘కథానాయకుడు’లో నాయకుడు మొదటినుంచీ పూర్తయిన విగ్రహమే. సందేహించడానికి ప్రేక్షకుడికి చోటు లేదు. రెండో భాగం ‘మహానాయకుడు’ ఎన్టీఆర్ భార్య బసవతారకం మరణం దగ్గర ఆగిపోయింది. 1995లో సొంత పార్టీలోనే అధికారం చేజారిన ఘట్టం, ఆ జీవితంలోకెల్లా నాటకీయమైనది, కథలోకే రాలేదు.

‘దాన వీర శూర కర్ణ’ సుయోధనుడిలో అహంకారం తక్కువేమీ కాదు. అస్త్రవిద్యా ప్రదర్శనలో అతని సుదీర్ఘ ప్రసంగం కర్ణుడికి జరిగిన అవమానంలోంచి పుడుతుంది. కులం పేరుతో వేసిన ప్రశ్నకు అది జవాబు. తర్వాత మయసభలో అంతటి మానధనుడూ నీటిమడుగులో పడి నవ్వులపాలవుతాడు. పాత్రకు దర్పం ఉంది, ఆ దర్పానికి సినిమా కట్టే మూల్యమూ ఉంది.

ఎలివేషన్లంటే తెలుగువాళ్లకు ప్రాణం కదా అని ఒక అభ్యంతరం రావచ్చు. నిజమే, 2015 నాటి ‘బాహుబలి’ అందుకు గట్టి ఉదాహరణ. కానీ అందులో తన బంగారు విగ్రహాన్ని తానే ఎత్తించుకునేవాడు భల్లాలదేవుడు. విగ్రహం లేస్తున్న వేళ, తాళ్లు లాగే జనం నోట మరొకడి పేరు మారుమోగుతుంది. ఆత్మస్తుతిని ప్రతినాయకుడికి అప్పగించి, నాయకుడి కీర్తిని బానిసల జ్ఞాపకంలో దాచిన ఆ దృశ్యంలో పొగడ్త కథలోనుంచి వచ్చింది.

సౌదీ గడ్డ నుంచే మరో సాక్ష్యం ఉంది. హైఫా అల్ మన్సూర్ ‘వజ్దా’ (2012) ఆ దేశంలోనే పూర్తిగా చిత్రీకరించిన తొలి కథాచిత్రంగా పేరు పొందింది. రియాద్ వీధుల్లో మగవాళ్ల మధ్య నిలబడి పని చేయించే వీల్లేక, దర్శకురాలు వ్యానులో కూర్చుని వాకీటాకీలో సూచనలిచ్చారు. ఇంతటి చారిత్రక బరువు మోస్తున్న సినిమా కథ మాత్రం ఒక పదేళ్ల పిల్ల, ఒక ఆకుపచ్చ సైకిలు. ఖురాన్ పోటీలో గెలిచిన వజ్దా ఆ డబ్బుతో సైకిలు కొంటానంటుంది. ప్రధానోపాధ్యాయురాలు ఆ డబ్బును పాలస్తీనాకు విరాళంగా ప్రకటిస్తుంది. స్త్రీల హక్కుల మీద ఉపన్యాసం ఎక్కడా లేదు. ఆ పిల్ల ముఖం చూసినవాళ్లకు దాని అవసరమూ ఉండదు.

కాబట్టి భారీతనాన్ని బడ్జెట్టుతో, నిడివితో కొలిచే సమీక్షలకు మరో ప్రశ్న చేరాలి: ఈ చిత్రం కోరుతున్న గౌరవాన్ని ఏ దృశ్యంలో సంపాదించింది? దీనికి జవాబు వెతకాలంటే హాలు బయటి ప్రేక్షకుల అనుభవం కూడా నమోదు కావాలి. థియేటర్లు లేని కాలంలో గల్ఫ్ గదుల్లో తెలుగు సినిమా చూసిన తరం ఇప్పుడు ఇళ్లకు తిరిగి వస్తోంది. విశ్వవిద్యాలయాల తెలుగు, మీడియా శాఖలు వాళ్ల జ్ఞాపకాలను మౌఖిక చరిత్రగా సేకరించడం వెంటనే మొదలుపెట్టాల్సిన పని.