నిద్రించిన యంత్రమునకు వేళ యెట్లు తెలియును?

ఒకే కంప్యూటరులో పెక్కు కంప్యూటర్లున్నట్లు పనిచేయించు విద్యను ఐ.బి.ఎం. వారు 1967లో సి.పి.-40 అను వ్యవస్థతో నెరవేర్చిరి. ఇట్టి ఊహాయంత్రమునే ‘వర్చువల్ మెషీన్’ అందురు. దానిని మోయు అసలు కంప్యూటరు ఆతిథేయి.

1999లో వి.ఎం.వేర్ సంస్థ ఈ విద్యను చిన్న కంప్యూటర్లకు తెచ్చెను. ఆనాటి లైనక్స్ సెకనుకు 100 గడియారపు టిక్కులను లెక్కించి కాలము తెలిసికొనెడిది. ఆతిథేయి ఒక ఊహాయంత్రమును ఆపి వేరొకదానికి పని ఇచ్చినపుడు, ఆగినదానికి టిక్కులు సకాలమున అందవు. దాని గడియారము వెనుకబడును. 2003లో లైనక్స్ 2.6 ఆ టిక్కులను 1000కి పెంచగా చిక్కు మరింత హెచ్చెను. బ్యాంకు లెక్కలలో జమ ముందో ఖర్చు ముందో తారుమారైనచో ఎంత ముప్పు!

డేవిడ్ మిల్స్ 1985లో ప్రకటించిన ఎన్.టి.పి. పద్ధతిచే యంత్రము నెట్‌వర్కులోని మంచి గడియారములతో సరిచూచుకొనవచ్చును. కాని ఆ పద్ధతిని నడపు ఎన్.టి.పి.డి. ప్రోగ్రాము, తేడా 1000 సెకండ్లు మించినచో, వేరే ఆదేశము లేనిదే సరిదిద్దక విరమించును. గంటసేపు ఆపియుంచిన యంత్రమునకు అది చాలదు.

2017లో లైనక్స్ 4.11 వచ్చుటతో, కె.వి.ఎం. పద్ధతిలో నడచు ఊహాయంత్రము ఆతిథేయి గడియారమును నేరుగా అడిగి తన వేళను దిద్దుకొను మార్గ మేర్పడెను. నిద్రించినవాడు ఎంత సేపైనదో తెలియగోరినచో, మేలుకొనియున్నవానినే అడుగవలెను గదా!