సేవాసంఘపు వారపు సభ – క్రీడాప్రాంగణం – నాలుగు ప్రశ్నలు



మన పట్టణాలలో రోటరీ, లయన్స్ వంటి సేవాసంఘాల సభలను చూచినవారికి ఆ పద్ధతి పరిచితమే. అధ్యక్షులవారు గంట మ్రోగిస్తారు. కార్యదర్శి నివేదిక చదువుతారు. అతిథి ప్రసంగం, వందన సమర్పణ, పిమ్మట భోజనం. కంటి వైద్య శిబిరాలు, రక్తదానాలు, బడిపిల్లలకు పుస్తకాలు ఇటువంటి సభలలోనే రూపుదిద్దుకొన్నవి. వీటి నడుమ అప్పుడప్పుడు ఒక పెద్ద కోరిక కూడ తలయెత్తుతుంది: "మన ఊరికి ఒక కొత్త స్టేడియం కావాలి." ఈ కోరికనూ, అది పుట్టిన సభనూ చరిత్ర వెలుగులో ఒకసారి పరిశీలించుదాము.

1905 ఫిబ్రవరి 23న అమెరికాలోని చికాగో నగరంలో పాల్ హారిస్ అనే న్యాయవాది మరి ముగ్గురితో కలిసి సమావేశమైనాడు. ఒకరు గనుల ఇంజనీరు, ఒకరు బొగ్గు వర్తకుడు, ఒకరు దర్జీ. మహానగరంలో ఏకాకులైనవారికి పల్లెటూరి స్నేహం వంటిది దొరకాలన్నదే వారి తొలి ఆశయం. సభను ఒక్కొక్కరి కార్యాలయంలో వంతులవారీగా జరుపుకొన్నందువలన రోటరీ అనే పేరు వచ్చింది. తిరుగుడు అన్నమాట! స్నేహానికి సేవ తోడైనది కొద్దికాలం తరువాతనే. 1907లో చికాగోలో ప్రజలకోసం మరుగుదొడ్డి నిర్మాణానికి పూనుకొనడం వారి తొలి ప్రజాహిత కార్యం. 1917లో మెల్విన్ జోన్స్ చొరవతో లయన్స్ సంస్థ వెలసింది. 1919లో రోటరీ కలకత్తా చేరింది. రోటరీ నియమావళిలో స్త్రీల సభ్యత్వానికి మాత్రం 1989 వరకు చోటు లభించలేదు. సేవకు ద్వారాలు తెరచినవారు సభాద్వారం తెరవడానికి ఎనిమిది దశాబ్దాలు పట్టింది. ద్వారం ఎవరికి తెరచి ఉన్నది అన్న ఈ ప్రశ్న క్రీడాప్రాంగణం విషయంలోనూ మనలను వదలదు.

స్టేడియం అన్న మాట గ్రీకులది. స్టాడియోన్ అనగా ఆరువందల అడుగుల దూరం. ఆ దూరం పరుగెత్తే పందానికీ, ఆ పందెం జరిగే చోటుకూ అదే పేరు నిలిచింది. ఒలింపియాలోని పరుగుబాట సుమారు 192 మీటర్లు. అక్కడ రాతి ఆసనాలు న్యాయనిర్ణేతలకు మాత్రమే. వేలాది ప్రేక్షకులు మట్టికట్టల మీదనే కూర్చుండి చూచేవారు.

మన వాఙ్మయంలో ఇందుకు సాటియైన ఘట్టం ఆదిపర్వంలోని కుమారాస్త్రవిద్యా ప్రదర్శనం. ద్రోణుడు చెట్టూ పుట్టా లేని సమతలమైన నేలను ఎన్నుకొని కొలిపించాడు. రాజుకూ, అంతఃపుర స్త్రీలకూ ప్రేక్షాగారం కట్టించారు. పురజనులు తమ మంచెలను తామే కట్టించుకొన్నారని సంస్కృత భారతం చెప్పుతున్నది. నేల అందరిది, చూచే హక్కు అందరిది. కాని బరిలో దిగే హక్కో? కర్ణుడు రంగప్రవేశం చేయగానే కృపాచార్యుడు అడిగినది అతని విలువిద్యను గురించి కాదు, కులగోత్రాలను గురించి. ఆనాటి రంగస్థలంలో పడిన ఆ చిచ్చు కురుక్షేత్రం దాక ప్రాకింది.

తెలుగునేలపై కూడ ప్రాచీన క్రీడారంగం ఉండేది. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి, అనగా నేటి నాగార్జునకొండ త్రవ్వకాలలో దీర్ఘచతురస్రాకారపు రంగం, దానిచుట్టూ మెట్లవరుసలు, ఒక ప్రక్క మండపం బయల్పడినవి. క్రీస్తు శకం మూడు, నాలుగు శతాబ్దాలనాటి వైభవమది. నాగార్జునసాగర జలాశయంలో ఆ లోయ మునిగినది. అక్కడి కట్టడాలలో కొన్నింటిని అనుపు వద్ద పునర్నిర్మించినారు. ఆ మెట్ల మీద కూర్చున్నవారికి తమ పాఠ్యపుస్తకంలో లేని పాఠం ఒకటి దొరుకుతుంది.

ఇక ఆధునిక కాలానికి వత్తాము. బొంబాయిలో సముద్రంనుండి పూడ్చి తీసిన నేలపై క్రికెట్ క్లబ్ ఆఫ్ ఇండియా కట్టించిన బ్రబోర్న్ స్టేడియం 1937లో ప్రారంభమైనది. గవర్నరు బ్రబోర్న్ ప్రభువు పేరు దానికి పెట్టినారు. అది క్లబ్బు సొత్తు. ఆటలు నడిపే బొంబాయి క్రికెట్ సంఘానికీ, నేలకు యజమాని అయిన క్లబ్బుకూ టిక్కెట్ల పంపకం దగ్గర కలహం రేగినది. ఎవరికి ఎన్ని కుర్చీలు అన్న తగవు తెగక, సంఘంవారు నడిచిపోయేంత దూరంలోనే వాంఖెడే స్టేడియం కట్టుకొన్నారు. 1975 జనవరిలో అక్కడ తొలి టెస్టు జరిగినది. 1973 మొదలు 2009 డిసెంబరు దాక బ్రబోర్న్‌లో ఒక్క టెస్టు మ్యాచి కూడ జరుగలేదు. ముప్పదియారు సంవత్సరాలు! పొత్తు కుదరనిచోట ఒక ఊరికి రెండు కట్టడాల ఖర్చు పడుతుందనడానికి ఇంతకన్న నిదర్శనం కావలెనా?

దీనికి భిన్నమైనది మన హైదరాబాదు ఫతే మైదాన్. 1687లో గోలకొండను గెలిచిన ఔరంగజేబు సేనల విజయానికి గుర్తు ఆ పేరు. 1967లో అది లాల్ బహదూర్ స్టేడియం అయినది. 1955లో న్యూజిలాండుపై పాలీ ఉమ్రిగర్ 223 పరుగులు తీసి, టెస్టులలో ద్విశతకం చేసిన తొలి భారతీయుడైనది ఈ నేలమీదనే. 1983లో నందమూరి తారకరామారావుగారూ, 2004లో వై.ఎస్. రాజశేఖరరెడ్డిగారూ, 2023లో రేవంత్ రెడ్డిగారూ ముఖ్యమంత్రులుగా ప్రమాణం చేసినదీ ఇక్కడనే. 2005లో ఉప్పల్‌లో అంతర్జాతీయ క్రికెట్ ఆరంభమైనాక కూడ ఈ ప్రాంగణం నగరం నడిబొడ్డున జనానికి పనికివస్తూనే ఉన్నది.

రోటరీవారికి చతుర్విధ పరీక్ష అనేది ఒకటి ఉన్నది. 1932లో దివాలా అంచున ఉన్న తన సంస్థను నిలబెట్టుకొనడానికి హెర్బర్ట్ టేలర్ వ్రాసుకొన్న నాలుగు ప్రశ్నలవి. ఇది సత్యమా? అందరికీ న్యాయమా? సద్భావాన్నీ, స్నేహాన్నీ పెంచుతుందా? అందరికీ మేలు చేస్తుందా? వీటిని స్టేడియం ప్రతిపాదనకే వర్తింపజేసి చూడండి.

సత్యమా అంటే, అంచనా వ్యయంతోపాటు ఏటేటా గడ్డికీ, దీపాలకూ, కాపలాకూ అయ్యే ఖర్చు సభలో చెప్పినారా? న్యాయమా అంటే, విరాళమిచ్చినవారికి సోఫాలు సరే, బడిపిల్లవానికి మెట్టు ఉన్నదా? సద్భావమా అంటే, ఆ నేలమీద ఇప్పటికే ఆడుకొంటున్నవారినీ, ఉదయం నడిచే వృద్ధులనూ అడిగినారా? మేలా అంటే, సంవత్సరంలో నాలుగు పోటీలు జరిగే రోజులు పోగా తక్కిన రోజులలో గేటు తాళం ఎవరి చేతిలో ఉంటుంది?

మూడు దశాబ్దాలకు పైగా బడిలో పనిచేసినవాడను. పదిమంది పిల్లలు బంతి ఆడుకొనే ఖాళీస్థలం విలువ నాకు తెలియును. ప్రహరీ లేచి, గ్యాలరీ లేచి, చివరకు ఆ పిల్లలు రోడ్డుమీద ఆడుకొనే స్థితి వచ్చినచో, ఆ కట్టడం ఎంత అందమైనదైనా ఊరు ఓడిపోయినట్లే. ద్రోణుడు ముందు నేలను కొలిచినాడు, మంచెలు తరువాత లేచినవి. మన ప్రణాళికలలో మంచెలు ముందు లేస్తున్నవి.

కనుక సేవాసంఘాల మిత్రులకు నా మనవి ఒక్కటే. తీర్మానం చేయండి, తప్పక చేయండి. అయితే మొదటి వాక్యంలో కుర్చీల సంఖ్య కాక, గేటు తెరచి ఉండే వేళలు వ్రాయండి.

మీ మీ ఊళ్ళలోని ఆటస్థలాల పేర్లు, వాటి వెనుక కథలు తెలిసినవారు తెలియజేయగలరు. ఆ పేర్లన్నీ ఒకచోట చేరితే అదే ఒక చిన్న చరిత్ర అవుతుంది.

స్వస్తి.