పంటి వేరులో అడవి బంక: పన్ను పీకించాలా, ఉంచుకోవాలా?



మన ఊళ్ళలో పన్ను నొప్పికి చివరి మందు ఒక్కటే, పీకించుకోవడం. లవంగం పెట్టి చూస్తాం, ఉప్పు నీళ్ళు పుక్కిలిస్తాం, తగ్గకపోతే సంత రోజు చూసుకుని టౌనుకి పోయి తీయించుకుని వచ్చేస్తాం. హాస్టల్లో మాలో ఒకడికి పదమూడేళ్ళప్పుడు కింది దవడ పన్ను అలాగే పోయింది. "పాల పన్నేలే, మళ్ళీ వస్తుంది" అన్నారు ఇంట్లో. రాలేదు. ఆరేళ్ళప్పుడు వచ్చే మొదటి దవడ పన్ను, ఏ పాల పన్నూ ఊడకుండానే వెనకాల మొలుస్తుంది. అందుకే అది శాశ్వత పన్నని ఎవరికీ తట్టదు. వాడి పన్ను గురించి మాట్లాడుకుంటూనే మేం ఈ చరిత్రలోకి దిగాం.

పీకడం చాలా పాత విద్య. యూరప్‌లో కూడా ఒకప్పుడు పళ్ళు పీకింది మంగలివాళ్ళు, సంతల్లో తిరిగేవాళ్ళే. 1728లో ఫ్రాన్స్‌లో పియెర్ ఫోషార్ దంతవైద్యం మీద పెద్ద గ్రంథం అచ్చువేశాక ఆ పని ఒక శాస్త్రంగా నిలబడింది. 1838లో అమెరికాలో ఎడ్వర్డ్ మేనార్డ్ గడియారం స్ప్రింగుతో సన్నని పనిముట్టు చేసి, పంటి లోపలి నరం తీయడం మొదలుపెట్టాడు.

నరం తీశాక ఆ ఖాళీని దేనితో నింపాలి? అడవి ఇక్కడే కథలోకి వస్తుంది. మలయా, సుమత్రా, బోర్నియో అడవుల్లో ఒక చెట్టు పాలు గట్టిపడితే గట్టా పెర్చా అవుతుంది. వేడి నీళ్ళలో వేస్తే మెత్తబడుతుంది, చల్లారితే బిగుస్తుంది. అక్కడివాళ్ళు దాంతో కత్తులకు పిడులు చేసుకునేవారు. 1840లలో అది లండన్ చేరింది. సముద్రం అడుగున వేసే టెలిగ్రాఫ్ తీగలకు దాన్నే తొడుగుగా వాడారు. గాటు పెడితే పాలు కొంచెమే వస్తాయి కాబట్టి చెట్లనే నరికేశారు, అడవులకు అడవులే ఖాళీ అయ్యాయి. మన తపసి బంక ఏరేవాళ్ళకు ఈ కథ కొత్తేం కాదు. సరుకు అడవిది, పేరు, లాభం ఇంకొకరివి. 1867లో బౌమన్ అనే అమెరికా వైద్యుడు దాన్ని పంటి వేరులో నింపాడు. నేటికీ రూట్ కెనాల్‌లో ఎక్కువగా నింపేది గట్టా పెర్చానే.

తర్వాత కథ అడ్డం తిరిగింది. 1910లో ఇంగ్లండ్ వైద్యుడు విలియం హంటర్, పళ్ళలో దాగిన చీము ఒళ్ళంతా రోగాలు తెస్తుందని కెనడాలో ప్రసంగించాడు. ఆ భయంతో కొన్ని దశాబ్దాలపాటు ఉంచుకోదగ్గ పళ్ళు కూడా పీకేశారు. అమెరికాలో ట్రెంటన్ పిచ్చాసుపత్రిలో హెన్రీ కాటన్ అనే వైద్యుడు, పిచ్చి కుదురుతుందని రోగుల పళ్ళన్నీ పీకించాడు. ఆ వాదం నిలబడలేదు, పోయిన పళ్ళూ తిరిగి రాలేదు.

ఇక మన సంగతి. పంటి వేరు గట్టిగా ఉండి, తొడుగు నిలిచేంత పన్ను పైన మిగిలి ఉంటే రూట్ కెనాల్ అడగాలి. వేరు నిలువునా చీలినా, చుట్టూ ఎముక కరిగి పన్ను బాగా కదులుతున్నా పీకించడమే మేలు. అది తప్పు కాదు. అయితే దవడ పన్ను పోతే పక్క పళ్ళు ఆ సందులోకి ఒరుగుతాయి, ఎదురు పన్ను అందులోకి దిగుతుంది. మావాడు ఇప్పటికీ ఒక పక్కనే నములుతాడు.

రూట్ కెనాల్‌కి రెండు మూడుసార్లు తిరగాలి, పైన తొడుగు ఖర్చు వేరే. బస్సు ఛార్జీ, కూలి పోయిన రోజులు లెక్కేస్తే మనవాళ్ళు పీకించుకోవడం ఎందుకో మాకు తెలుసు. వాళ్ళని తెలివితక్కువవాళ్ళని మేం అనం. కానీ "ఎక్స్‌రే తీసి చూపించండి, ఈ పన్ను నిలుస్తుందా?" అని ఒక్క మాట అడగడానికి ఖర్చేం లేదు. ముఖం వాచి జ్వరం వచ్చినా, మింగడం కష్టమైనా సంత రోజు దాకా ఆగొద్దు, ఆ రోజే ఆసుపత్రికి పోవాలి.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు ఆరేళ్ళు దాటిన పిల్లల నోరు తెరిపించి వెనక పన్ను చూడండి. అది పాల పన్ను కాదని అమ్మకి చెప్పండి.